బెదురుకోళ్లను మచ్చిక చేయడం – నాలుగవ పాఠం: గుడ్ల మార్పిడి

గత పాఠంలో, ఏ కోడి మనం ఎన్ని అడుగుల దూరానికి రాగానే లేచి పారిపోతున్నదో వారం రోజులు రాసుకోమని చెప్పాను. ఆ పట్టిక చేతిలో లేనివారు ముందు ఆ పని ముగించుకొని రావడం మంచిది.

పర్లాకిమిడి, గుణుపురం వైపు పెరళ్లలో కోళ్లు పెంచేవారు సాధారణంగా బెదురును, కయ్యాన్ని ఒకే గాటన కడతారు. అవి వేరు. పందెపు జాతి పుంజు తోటి పుంజును చూస్తే ఆగదు గాని, మనిషి చంకలో మాత్రం ఒదిగి కూర్చుంటుంది. కడక్‌నాథ్ అనే నల్లకోడి అలా కాదు. తలుపు చప్పుడైతే చాలు, కంచె మీదికో చెట్టు మీదికో ఎగురుతుంది. మనం ఇక్కడ మాట్లాడుకొంటున్నది ఈ బెదురు గురించి మాత్రమే.

బెదురు కొంత రక్తంలో వస్తుంది, కొంత తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకొంటుంది. పెట్ట హెచ్చరికగా కూత వేసి పరుగెత్తితే పిల్లలూ పరుగెత్తుతాయి కనుక, పైకి చూసి ఏది ఎంతో చెప్పలేము. అందుకే గుడ్లు మార్చాలి. పట్టికలో అతి నెమ్మదైన పెట్టను, అతి బెదురు పెట్టను ఒకే రోజున పొదుగుకు కూర్చోబెట్టి, ఒకదాని గుడ్లు మరొకదాని కింద పెట్టండి. గుడ్లు వారం రోజుల లోపువై ఉండాలి. ముందుగా పొదుగుకు వచ్చిన పెట్టను, రెండవది సిద్ధమయ్యేదాకా, పనికిరాని గుడ్ల మీద కూర్చోనివ్వవచ్చు. ఇరవై ఒకటవ రోజుకు పిల్లలు దిగిన తరువాత, నెమ్మది తల్లి కింద పెరిగినా చెదిరిపోయే పిల్లల బెదురు ఎక్కువగా రక్తానిదని, బెదురు తల్లి కింద పెరిగి చెదిరేవాటిది ఎక్కువగా నేర్చినదని అనుకోవచ్చు. నా మొదటి ప్రయత్నం చెడింది: పన్నెండవ రోజు మిట్టమధ్యాహ్నం గంప ఎత్తి చూడబోతే బెదురు పెట్ట లేచిపోయి, మళ్లీ గుడ్ల దగ్గరికి రాలేదు. అప్పటి నుంచి చీకటి పడ్డాకే చూస్తున్నాను.

పిల్లలు దిగిన మొదటి వారం వదులుకోకూడదు. పూటకు అయిదు నిమిషాలు, అరచేతిలో నూకలు పోసుకొని చేతిని నేలకు ఆనించి పక్క నుంచి చాపండి. పై నుంచి దిగే చేయి కోడిపిల్లకు గద్దతో సమానం. రెండు మూడు రోజులకు ఒక పిల్ల అరచేతి అంచున ఒక కాలు మోపి, నూక పొడిచి, వెనక్కి తీసుకొంటుంది. ఆ క్షణంలో వేళ్లు ముడిచి పట్టుకోబోతే అంతకు ముందు చేసిన పనంతా పోతుంది. ఎదిగిన కోడినైతే మసక వెలుతురులో, రెక్కలను రెండు చేతులతో ఒంటికి అదిమి ఎత్తి, రొమ్మును అరచేతి మీద ఆనించి, కాళ్లను వేళ్ల మధ్య ఇరికించుకోవాలి. ఒంటికాలు పట్టి వేలాడదీయడం సంతలో చూసే అలవాటే గాని, అనుకరించదగినది కాదు.

రెండు వారాల వయసులో ఒక పరీక్ష ఉంది. పిల్లను గుంపుకు దూరంగా, చప్పుడు లేని చోట వెల్లకిలా పడుకోబెట్టి, పదిహేను సెకన్లు మెల్లగా అదిమి పట్టి వదిలి, ఎంతసేపటికి లేస్తుందో లెక్కించండి. కదలకుండా పడుకొన్నది సాధువని చాలామంది పొరబడతారు. నిజం తలకిందులు: ఎక్కువ భయపడినదే ఎక్కువసేపు బిగుసుకొని ఉంటుంది. అయిదు నిమిషాలకూ లేవకపోతే మీరే లేపి, దాన్ని విత్తనానికి ఉంచకండి.

స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయంలో, మన ఒడిశా అడవుల్లోనూ తిరిగే ఎర్ర అడవికోడినే తీసుకొని, మనిషికి తక్కువ బెదిరేవాటిని ఒక వైపు, ఎక్కువ బెదిరేవాటిని మరొక వైపు తరం వెంట తరం ఏరి జత కట్టించగా, కొద్ది తరాలకే రెండు రకాల కోళ్లు స్పష్టంగా వేరుపడ్డాయి. పెరటి పెంపకందారుకు ధైర్యమిచ్చే విషయమిది. ఎనిమిది పది పెట్టలకు ఒకే పుంజు తండ్రి కనుక, పుంజు ఎంపికలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. అయిదు నెలలు నిండకుండా నిర్ణయించకండి. ఎదిగేకొద్దీ పుంజు స్వభావం మారుతుంది. మనిషికి బెదరనిదని మురిసి ఉంచుకొన్న పుంజు కాళ్ల మీదికి దూకి పొడిస్తే, అది నెమ్మది కాదు, తెగువ. దాన్ని కూడా తీసివేయవలసిందే.

వచ్చే పాఠం మేనరికపు జతల గురించి. ఆ లోగా మీ పుంజుల్లో ఏవి ఒకే తల్లి పిల్లలో గుర్తించి, ఒక్కొక్క తల్లి సంతానానికి ఒక్కొక్క రంగు దారం కాలికి వదులుగా కట్టి, కాళ్లు లావెక్కేకొద్దీ మారుస్తూ ఉండండి.