పంచాయతీ ఎన్నికల వేళ వాట్సాప్‌లో రాసేముందు

పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే ఊరి వాట్సాప్ గ్రూపులకు నిద్ర ఉండదు. సీసీ రోడ్డు బిల్లులు, వీధి దీపాలు, ఉపాధి హామీ మస్టర్లు, పాత సర్పంచ్ కట్టుకున్న కొత్త ఇల్లు, అన్నీ అక్కడే చర్చకు వస్తాయి. రావాలి కూడా. ఓటు వేసేముందు లెక్క అడగడం ఓటరు హక్కు. అయితే ఆ వేడిలో రాసిన ఒక్క వాక్యం ఎన్నికలు ముగిశాక ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిప్పగలదు. కేసులకు భయపడి మౌనంగా ఉండమని నేను చెప్పను. ఊళ్ళో అడిగేవారే లేకపోతే నష్టపోయేది ఊరే. గట్టిగా అడుగుతూనే చట్టానికి చిక్కకుండా ఎలా రాయాలో తెలిస్తే చాలు.

ఒకరి పరువుకు నష్టం కలిగిస్తే రెండు రకాలుగా చర్య తీసుకోవచ్చు. ఒకటి సివిల్ దావా. న్యాయవాదులు టార్టులు అని పిలిచే తప్పుల్లో ఇదొకటి. ఒకరి తప్పు వల్ల ఇంకొకరు నష్టపోతే, జైలుతో సంబంధం లేకుండా డబ్బు రూపంలో పరిహారం ఇప్పించడం దీని పని. ఇందుకు మన దేశంలో విడిగా చట్టం రాసి లేదు, కోర్టు తీర్పుల ఆధారంగానే నడుస్తోంది. రెండోది క్రిమినల్ కేసు. ఐపీసీ 499, 500 సెక్షన్ల స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ అమలులో ఉంది. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు సాధారణ జైలుశిక్ష, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వాటికి బదులు సమాజ సేవ చేయమని కూడా కోర్టు ఆదేశించవచ్చు. పరువు నష్టాన్ని నేరంగా చూడటం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2016లో తేల్చింది.

ఈ రెండింటి మధ్య చాలామందికి తెలియని తేడా ఒకటి ఉంది. సివిల్ దావాలో మీరు రాసింది నిజమని రుజువు చేస్తే సరిపోతుంది. క్రిమినల్ కేసులో నిజం ఒక్కటే చాలదు, అది ప్రజాహితం కోసం చెప్పినదై ఉండాలి. రోడ్డు డబ్బు సంగతి ప్రజలకు సంబంధించినది. అభ్యర్థి కాపురంలోని గొడవలు ప్రజలకు సంబంధించినవి కావు. అవి నిజమే అయినా మీకు రక్షణ దొరకడం కష్టం.

ఇక రాసే తీరు. "సర్పంచ్ రోడ్డు డబ్బులు మింగాడు" అని రాస్తే ఒక మనిషి మీద దొంగ అనే ముద్ర వేసినట్టే, దాన్ని రుజువు చేసే భారం మీ మీద పడుతుంది. అదే సంగతిని ఇలా రాయవచ్చు: "ఎం.బి.లో (పని కొలతలు రాసే పుస్తకంలో) 120 మీటర్ల రోడ్డు వేసినట్టు ఉంది. మేము టేపుతో కొలిస్తే 85 మీటర్లే వచ్చింది. మిగతా 35 మీటర్ల బిల్లు సంగతి పంచాయతీ చెప్పాలి." నిజానికి ఈ రెండో మాటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. తిట్టుకు తిట్టుతో జవాబు చెప్పవచ్చు, కొలతకు కొలతతోనే చెప్పాలి. చూసినది, కొలిచినది, కాగితంలో ఉన్నది రాయండి. మీ అభిప్రాయాన్ని అభిప్రాయంగానే చెప్పండి.

కాగితం సంపాదించడం అంత కష్టమేమీ కాదు. సమాచార హక్కు చట్టం కింద గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ముందే దరఖాస్తు పెట్టండి. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ నివేదికలు ఉంటాయి. ప్రజా రికార్డుల ఆధారంగా రాసినదానికి, అధికార విధుల మీద చేసిన విమర్శకు సుప్రీంకోర్టు 1994 నాటి రాజగోపాల్ కేసులో మంచి రక్షణే కల్పించింది. నిజానిజాలు పట్టించుకోకుండా రాసినవారికి మాత్రం ఆ రక్షణ వర్తించదు.

పేరు రాయలేదు కదా అనే ధీమా వద్దు. "మూడో వార్డులో రేషన్ షాపు పక్కింటి పెద్దాయన" అంటే ఊరంతటికీ తెలుస్తుంది, చట్టానికి ఆ గుర్తింపు చాలు. చివర "అట" అని చేర్చినా, ప్రశ్నార్థకం పెట్టినా, వెటకారంగా రాసినా ఫలితం మారదు.

ఫార్వర్డ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తమిళనాడులో ఒక మాజీ ఎమ్మెల్యే మహిళా పాత్రికేయులను కించపరిచే పోస్టును 2018లో ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. చదవకుండా పంపానని, తర్వాత తీసేసి క్షమాపణ చెప్పానని వాదించినా, 2023లో మద్రాస్ హైకోర్టు ఆ కేసులను కొట్టివేయలేదు. సుప్రీంకోర్టులోనూ ఆయనకు ఊరట దొరకలేదు. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఊరి గ్రూపులో పోస్టులు పెట్టేవారికీ ఇది వర్తిస్తుంది. చదివినవారు ఊళ్ళో ఉన్నారు కనుక దావా కూడా ఇక్కడి కోర్టులోనే పడవచ్చు. గ్రూపు అడ్మిన్ పరిస్థితి కొంత మెరుగు. సభ్యులు పెట్టిన పోస్టులకు అడ్మిన్‌ను బాధ్యుడిని చేయలేమని ఢిల్లీ హైకోర్టు 2016లో చెప్పింది.

మామూలు పరువు నష్టం కేసులో పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ నమోదు చేయలేరు, నష్టపోయిన వ్యక్తే మేజిస్ట్రేట్‌కు ఫిర్యాదు చేసుకోవాలి. కానీ మహిళా అభ్యర్థిని అసభ్యంగా కించపరిస్తే, కులం పేరుతో ఎస్సీ, ఎస్టీ అభ్యర్థిని దూషిస్తే పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ పోలీసులే కేసు పెడతారు, అట్రాసిటీ చట్టం కింద ముందస్తు బెయిలు దొరకడం కూడా కష్టమే. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. మొదటిసారి గడప దాటి నామినేషన్ వేసిన ఆడపిల్ల మీద నీచమైన రాతలు రాయడాన్ని ఏ ఎన్నికల వేడీ సమర్థించదు.

అక్రమం జరిగిందని మీకు గట్టి నమ్మకం ఉంటే గ్రూపు కంటే మంచి చోటు ఉంది. చర్య తీసుకునే అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసే ఫిర్యాదును 356వ సెక్షన్‌లోని మినహాయింపు కాపాడుతుంది. ఎంపీడీఓకో, జిల్లా పంచాయతీ అధికారికో, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలోనో ఇచ్చి రసీదు తీసుకోండి. ఫలానా రోజున ఫిర్యాదు ఇచ్చామని గ్రూపులో చెప్పుకుంటే సరిపోతుంది.

లాయర్ నోటీసు వస్తే గ్రూపులో ఫోటో పెట్టి వాదనకు దిగకండి. మీ పోస్టును, ఆధారాలను భద్రపరిచి న్యాయవాదిని కలవండి. రాసింది తప్పని తేలితే వెంటనే అదే గ్రూపులో సవరణ, క్షమాపణ పెట్టండి. పరిహారం లెక్కించేటప్పుడు కోర్టు దాన్ని చూస్తుంది, క్రిమినల్ కేసులో రాజీకి కూడా వీలుంటుంది. మీ మీదే ఎవరైనా రాస్తే స్క్రీన్‌షాట్‌తో ఆగకుండా ఆ ఫోను మార్చకుండా ఉంచుకోండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. సివిల్ దావాకు గడువు ఒక్క ఏడాదే, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్ళు.