ఫంక్షన్లు, 4వ పాఠం: ఇన్వర్స్ కన్నా ముందు డొమైన్

పోయిన పాఠంలో (2ఎక్స్ + 3)/(ఎక్స్ − 1) రేంజ్, అంటే ఫంక్షన్ ఇవ్వగల విలువలన్నీ, అడిగాను. దాన్ని వై అనుకొని, ఎక్స్ ఒకవైపు మిగిలేలా సర్దితే ఎక్స్ = (వై + 3)/(వై − 2). హారం సున్నా కాకూడదు కాబట్టి 2 తప్ప మిగతా వాస్తవ సంఖ్యలన్నీ రేంజ్‌లో ఉంటాయి. ఇన్వర్స్, అంటే వై నుంచి ఎక్స్‌కి వెనక్కి తెచ్చే ఫంక్షన్, కూడా ఈ పనిలోనే వచ్చేసింది, చూశారా!

ఇవాళ్టిది కాస్త మొండిది: ఎఫ్(ఎక్స్) = ఎక్స్² − 6ఎక్స్ + 11. ఇన్వర్స్ అనగానే చేయి వర్గమూలం మీదకు పోతుంది. ఆగండి. 1 పెట్టి చూడండి, 6 వస్తుంది. 5 పెట్టినా 6 వస్తుంది. మరి 6 నుంచి వెనక్కి రమ్మంటే 1కి రావాలా, 5కి రావాలా? డొమైన్ (ఎక్స్‌కి పెట్టగల విలువలు) మొత్తం వాస్తవ సంఖ్యలైతే ఇది వన్-వన్ (వేర్వేరు ఎక్స్‌లకి వేర్వేరు విలువలు) కాదు, ఇన్వర్స్ లేదు. కథ అక్కడితో సరి.

అందుకే ప్రశ్నలో 'ఎక్స్ ≥ 3' అని ఒక చిన్న ముక్క ఉంటుంది. నా దృష్టిలో లెక్కకి ప్రాణం అదే, తొందరలో పిల్లలు వదిలేసేదీ అదే. వర్గం పూర్తి చేస్తే ఎఫ్(ఎక్స్) = (ఎక్స్ − 3)² + 2. అంటే పారబోలా 3 దగ్గర కిందికి దిగి మళ్లీ లేస్తుంది, కనిష్ఠ విలువ 2. కుడి సగం మాత్రమే ఉంచుకుంటే ఒక్కో విలువా ఒక్కసారే వస్తుంది. కో-డొమైన్ (విలువలు ఉండాల్సిన సమితి) కూడా 2, ఆపైన అని ఇస్తేనే ఆంటూ అవుతుంది, అంటే అందులోని ప్రతి సంఖ్యా విలువగా వస్తుంది. ఇన్వర్స్ ఉండాలంటే వన్-వన్, ఆంటూ రెండూ కావాలి.

ఇప్పుడు (ఎక్స్ − 3)² = వై − 2. ఎక్స్ − 3 రుణాత్మకం కాదు కాబట్టి ప్లస్ వర్గమూలమే తీసుకోవాలి: ఎక్స్ = 3 + √(వై − 2). డొమైన్ ఎక్స్ ≤ 3 అయితే ఇదే లెక్కకి జవాబు 3 − √(వై − 2). గుర్తుని నిర్ణయించేది డొమైనే.

అనంతపురం, హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో పీయూసీ (కర్ణాటకలో ఇంటర్) చదివేవాళ్లకి ఒక మాట. బోర్డు పరీక్షలో వన్-వన్, ఆంటూ రెండూ రాసి చూపించాలి, ఊరికే జవాబు వేస్తే మార్కులు పోతాయి. సీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) సంగతి వేరు. అక్కడ లెక్కల పేపర్లో 60 ప్రశ్నలకి 80 నిమిషాలు, ఇంత రాసే తీరిక ఉండదు. ఎఫ్(5) = 6 కాబట్టి ఆప్షన్లలో వై దగ్గర 6 పెట్టండి, 5 ఇచ్చేది పట్టుకోండి. రెండు ఆప్షన్లు 5 ఇస్తే ఇంకో విలువతో చూడండి. ఈ చిట్కా మాత్రం బోర్డు పేపర్లో వాడకండి!

ఇంటిపని: ఎక్స్² + 4ఎక్స్ + 9కి డొమైన్ ఎక్స్ ≤ −2 అయినప్పుడు ఇన్వర్స్ కనుక్కోండి. కో-డొమైన్ ఎక్కడ మొదలవ్వాలో మీరే తేల్చాలి. వచ్చే పాఠం కాంపోజిట్ ఫంక్షన్ల మీద, అంటే ఒక ఫంక్షన్ జవాబుని ఇంకో ఫంక్షన్‌లో పెట్టడం. ఈలోగా √(ఎక్స్²), (√ఎక్స్)² ఒకటేనా అన్నది −4 పెట్టి చూసి ఉంచుకోండి.