ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్‌కి రెడ్ డాట్ బిగించి, గురి కుదుర్చుకోవడం ఎలా?

ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ అంటే బీబీలనే చిన్న ప్లాస్టిక్ గుళ్లు కాల్చే ఆట తుపాకీ. రెడ్ డాట్ అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైట్, అంటే గురి చూసే పరికరం. అది పెట్టాక కూడా బీబీలు అటూ ఇటూ పోతున్నాయంటే ముందు హాప్-అప్ (బీబీకి వెనక్కి తిరిగే స్పిన్ ఇచ్చి దూరం పంపే అమరిక) చూడండి. రైఫిల్ నిలకడగా కాల్చాలి, సైట్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంట్ కదలకుండా ఉండాలి, ఆ తర్వాతే చుక్కను జరపాలి. ఈ వరుస తప్పితే సాయంత్రం దాకా స్క్రూలు తిప్పినా గురి కుదరదు.

దానికంటే ముందు చోటు సంగతి. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కొండల్లో మావోయిస్టుల కోసం బలగాలు గాలింపు జరిపిన ఊళ్లున్నాయి. చేతిలో ఉన్నది బొమ్మో అసలుదో దూరం నుంచి ఎవరికీ తెలియదు. అందుకని ప్రహరీ ఉన్న సొంత తోటలోనే కాల్చండి. పోలీస్ స్టేషన్‌లోనూ పక్క తోటల వాళ్లకూ ముందే చెప్పండి. దారిలో మూసిన బ్యాగులోంచి బయటికి తీయొద్దు. మొనకు బొమ్మ అని తెలిపే నారింజ రంగు ఉంటే దాన్ని పీకేయొద్దు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

కళ్లద్దాలు కూడా అంతే. 0.20 గ్రాముల బీబీ సెకనుకు 100 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 1 జౌల్. అది కంటికి తగిలితే చూపు పోవచ్చు. మామూలు చలువ అద్దాలు చాలవు, చుట్టూ మూసి ఉండే సేఫ్టీ గాగుల్స్ కావాలి. పక్కన నిలబడి చూసే తమ్ముడికి కూడా!

ఇక బిగింపు. మ్యాగజైన్ తీసేయండి. లోపల బీబీ మిగిలి ఉంటుంది కాబట్టి నేల వైపు ఒకటి రెండుసార్లు కాల్చి, బ్యాటరీ విడదీయండి. చాలా రైఫిళ్ల పైన సైట్లు బిగించడానికి 20 మి.మీ. వెడల్పున్న గాడుల పట్టీ, అంటే రైలు ఉంటుంది. సైట్‌ని ముందున్న హ్యాండ్‌గార్డ్ మీద కాకుండా వెనుక బాడీ మీది రైలుకే పెట్టండి. చేత్తో గట్టిగా పట్టుకుంటే హ్యాండ్‌గార్డ్ కొద్దిగా కదులుతుంది, దాంతో గురీ కదులుతుంది. మౌంట్ అడ్డు బోల్టును రైలు గాడిలో కూర్చోబెట్టి, ముందుకు నెట్టి పట్టుకుని అలెన్ కీతో బిగించండి. మీటతో ఊడదీసే చవక క్విక్ రిలీజ్ మౌంట్ల కంటే ఇలా స్క్రూతో బిగించేదే నేను నమ్ముతాను. బిగించాక స్క్రూ మీద, మౌంట్ మీద కలిపి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. స్క్రూ వదులైతే గీత విడిపోయి కనిపిస్తుంది. స్క్రూ వదులవకుండా పూసే థ్రెడ్ లాకర్ జిగురు లోహానికి మాత్రమే. ప్లాస్టిక్‌కి తగిలితే పగుళ్లు రావచ్చు.

ఎత్తు సరిపోయిందా? కళ్లు మూసుకుని, భుజానికి ఆనే వెనుక భాగమైన స్టాక్‌కి చెంప ఆనించి కళ్లు తెరవండి. మెడ సాచకుండానే చుక్క కనిపించాలి. ఎం4 తరహా రైఫిళ్లకు స్టాక్ తిన్నగా ఉంటుంది, వాటికి సైట్‌ని ఎత్తులో నిలిపే రైజర్ తప్పదు.

ఇప్పుడు హాప్-అప్. ఆటలో వాడే బరువు బీబీలే వేయండి. 0.20తో సరిచేసి 0.25తో ఆడితే చేసిన పనంతా వృథా. హాప్ ఎక్కువైతే బీబీ పైకి లేస్తుంది, తక్కువైతే తొందరగా పడిపోతుంది. చాలా దూరం నేలకు సమాంతరంగా వెళ్లి, చివర్లో మెల్లగా వాలేదాకా హాప్-అప్‌ని తిప్పండి. బీబీ తేలికది, చిన్న గాలికే పక్కకు పోతుంది. బరంపురం వైపైతే సముద్రపు గాలి మొదలవక ముందే, పొద్దున్నే ఈ పని ముగించుకోవాలి.

తర్వాత చుక్క. అట్టపెట్టెలో పాత దుప్పటి వేలాడదీసి, ముందు కాగితం అంటించి 20 మీటర్ల దూరంలో పెట్టండి. రైఫిల్‌ని ఇసుక మూట మీద ఆనించి, సింగిల్ షాట్‌లో 5 కాల్చండి. ఒక్క రంధ్రం చూసి తొందరపడొద్దు, అయిదింటి గుంపుకి నడుమ ఎక్కడో చూడండి. గుంపు కిందికి పడితే సైట్ మీది స్క్రూని ‘అప్’ బాణం చూపించే వైపు తిప్పాలి, ఎడమకు పడితే కుడి వైపు. స్క్రూ తిప్పేటప్పుడు వచ్చే ఒక క్లిక్ 1 ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అయితే 20 మీటర్ల దగ్గర సుమారు 6 మి.మీ. జరుగుతుంది. అంటే గుంపు 6 సెం.మీ. కింద ఉంటే 10 క్లిక్కులు. మళ్లీ 5 కాల్చి చూడండి.

గురి పెట్టేటప్పుడు రెండు కళ్లూ తెరిచే ఉంచండి. చూపు చుక్క మీద కాదు, లక్ష్యం మీద ఉండాలి. వెలుతురు ఎక్కువ పెడితే చుక్క ఉబ్బి లక్ష్యాన్ని కప్పేస్తుంది. జీడితోట నీడలో సరిపోయిన సెట్టింగ్ ఎండలో కనిపించదు, చోటు మారినప్పుడల్లా మార్చుకోవాల్సిందే. చుక్క నక్షత్రంలా చీలి కనిపిస్తోందా? ఫోన్ కెమెరాతో చూడండి. అందులో గుండ్రంగా ఉంటే సైట్ బాగానే ఉన్నట్టు, మీ కంటికి ఆస్టిగ్మాటిజం ఉందేమో డాక్టర్‌కి చూపించుకోండి.

చుక్క బ్యారెల్ కంటే దాదాపు 6 సెం.మీ. ఎత్తులో ఉంటుందని మరవకండి. గోడ చాటు నుంచి కాల్చేటప్పుడు చుక్కకు అడ్డేమీ కనిపించకపోయినా, బీబీ గోడ అంచుకే తగిలి మీ ముఖం మీదికి రావచ్చు. రైఫిల్‌ని ఇంకొంచెం పైకెత్తి కాల్చండి. ఎదుటివాళ్ల బీబీ తగిలితే సైట్ అద్దం పగులుతుంది కాబట్టి దాని ముందు పాలికార్బొనేట్ షీల్డ్ బిగించుకోండి. ఆట అయ్యాక స్విచ్ ఆపి, నెయిల్ పాలిష్ గీత కలిసే ఉందో లేదో చూసి బ్యాగులో పెట్టండి.