విప్పకుండానే ఫోర్క్‌లో కొత్త ఆయిల్

మౌంటెన్ బైక్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే భాగం) చిన్న గతుకుల మీద బిగుసుకుపోతుంటే, చాలాసార్లు కారణం కింది కాళ్లలోని (చక్రానికి రెండు పక్కలా పైకీ కిందికీ జారే గొట్టాల్లోని) ఆయిల్ పాతబడడమే. దానికోసం ఫోర్క్ మొత్తం విప్పనక్కర్లేదు.

ముందు ఫోర్క్‌లో ఎయిర్ ప్రెషర్ ఎంతుందో రాసుకుని, గాలి పూర్తిగా తీసేయండి. గాలి ఉండగా కింద బోల్టులు ముట్టుకోవద్దు, ప్రమాదం. ముందు చక్రం, బ్రేక్ క్యాలిపర్ (డిస్క్‌ను పట్టే భాగం), రీబౌండ్ నాబ్ (ఫోర్క్ తిరిగి లేచే వేగాన్ని మార్చే మీట) తీసి, కాళ్ల అడుగున ఉన్న రెండు బోల్టులూ మూడు నాలుగు చుట్లు వదులు చేయండి. వాటి తలల మీద రబ్బరు సుత్తితో మెల్లగా తట్టితే లోపలి రాడ్లు ఊడతాయి. అప్పుడు బోల్టులు పూర్తిగా తీసి, కింద గిన్నె పెట్టి, కాళ్లను అయిదారు సెంటీమీటర్లు మాత్రమే కిందికి లాగండి. సీళ్లు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు) పై గొట్టాల నుంచి ఊడి రావు కాబట్టి, తిరిగి ఎక్కించేటప్పుడు అవి చిరుగుతాయన్న టెన్షన్ ఉండదు. పాత ఆయిల్ కారిపోయాక, రంధ్రాలు పైకి వచ్చేలా బైక్‌ను వంచి, సిరంజితో కొత్తది ఎక్కించండి. చాలా ఫోర్కులకు కాలికి 5 నుంచి 20 మి.లీ. లోపే, రకం, కొలత రెండూ మీ మోడల్ మాన్యువల్‌లో చూడాల్సిందే. ఇంజిన్ ఆయిల్, గ్రీజు ప్రయోగాలు వద్దు. సిరంజి కొన రాడ్ పక్కకు వాలి ఉండాలి, లేకపోతే సగం బయటికే వస్తుంది. కాళ్లు పైకి నెట్టి, బోల్టులను మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, ముందు రాసుకున్న ప్రెషర్‌కు గాలి కొట్టండి.

కారిన ఆయిల్ మట్టిగానో పాలలా తెల్లగానో ఉంటే ఇది చాలదు. అప్పుడు కాళ్లు పూర్తిగా తీసి, లోపలి ఫోమ్ రింగులు కడగాలి.