ఎయిర్ సస్పెన్షన్ నేర్చుకుందాం – 4వ పాఠం: బండి లేచే వేగం

పోయిన పాఠంలో సబ్బు నీళ్లతో లీకేజీలు పట్టుకోవడం చూశాం. ఆ పని పూర్తి చేయనివాళ్లు ఇది మొదలుపెట్టొద్దు. లీకున్న బండికి వేగం సరిచేసినా నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది.

ఈ పాఠం బండిని చేత్తో పైకీ కిందికీ చేసే వాల్వ్ ఉన్న బండ్లకు మాత్రమే. కంప్యూటర్ నడిపే సస్పెన్షన్ అయితే అందులో వేరే వాల్వులు బిగించకండి, దాని సెట్టింగులు కంపెనీ టూల్‌తోనే మార్చాలి.

రేణిగుంట రోడ్డులోనైనా చిత్తూరులోనైనా డ్రైవర్లు అడిగేది ఒకటే: "బండి లేవడానికి చాలాసేపు పడుతోంది, ఆ స్క్రూ కాస్త తిప్పి స్పీడు పెంచన్నా." ఇక్కడే నేర్చుకునేవాళ్లు తడబడతారు. ఫ్లో కంట్రోల్ వాల్వ్ మీదున్న స్క్రూ గాలిని తగ్గించగలదు, అంతే. పూర్తిగా విప్పేసినా పైపులో రాని గాలిని అది తెచ్చిపెట్టదు. తగ్గించడం స్క్రూతో అయ్యే పని. పెంచాలంటే గాలి ఎక్కడ ఆగుతోందో వెతకాలి.

వెతకడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. గాలి ట్యాంకు మీటరు, టేపు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, చక్రాలకు ముందూ వెనకా కట్టెలు అడ్డం పెట్టండి. కంప్రెసర్ కటాఫ్ అయ్యేదాకా ట్యాంకు నిండనివ్వండి. ఇరుసు నుంచి ఛాసిస్ మీద ఒక గుర్తు వరకు ఎత్తు కొలిచి రాసుకోండి. ఇప్పుడు లిఫ్ట్ ఇచ్చి, మీటరు ముల్లు మీదే కన్నుంచండి.

ముల్లు గబగబా పడిపోయి, ఆ తర్వాత బండి మెల్లగా లేస్తుంటే గాలి సరఫరా చాలడం లేదని అర్థం. కంప్రెసర్ అరిగి ఉండవచ్చు, దాని ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, ట్యాంకులో సగం నీళ్లే ఉండవచ్చు. మన దగ్గర నవంబరు వానల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, ఎయిర్ డ్రయ్యర్ పాడైన బండికి ట్యాంకు అడుగున నీళ్లు చేరడం మామూలే. నీళ్లు చేరినకొద్దీ గాలికి చోటు తగ్గుతుంది.

ముల్లు పెద్దగా కదలకుండానే బండి బద్ధకంగా లేస్తోందా? ట్యాంకులో గాలి ఉంది, బెల్లోస్‌కు (బండి బరువు మోసే రబ్బరు గాలి సంచులకు) చేరడం లేదు. దారిలో ఎక్కడో ఇరుకు ఉంది. బోరు మోటారు ఎంత పెద్దదైనా గొట్టం నలిగిన చోట ఎన్ని నీళ్లు పడతాయో మడికి అన్నే వస్తాయి కదా, గాలీ అంతే. 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపు బదులు 6 మిల్లీమీటర్లది వేస్తే గాలి వెళ్లే దారి రెండింతల పైనే అవుతుంది (4×4=16కు 6×6=36). కానీ పైపంతా మార్చి, చివర్లో పాత సన్న ఎల్బో (మలుపు ఫిట్టింగు) ఒక్కటి ఉంచేస్తే పెట్టిన డబ్బంతా వృథా. ఛాసిస్ క్లాంపుల దగ్గర పైపు నలిగిందేమో, సైలెన్సర్ పక్కన వేడికి మెత్తబడి మడత పడిందేమో చేత్తో తడిమి చూడండి. ఇంజన్ ఆపి, పైపులు చల్లారాకే.

లోడును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 25 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బెల్లోస్‌ను తీసుకుందాం. దాని వైశాల్యం దాదాపు 490 చదరపు సెంటీమీటర్లు, అంటే 1 బార్ గాలి ఒత్తిడికి సుమారు 500 కిలోలు మోస్తుంది. దాని మీద 2 టన్నుల బరువు పడితే లోపల 4 బార్ ఉండాలి. ట్యాంకులో 8 బార్ ఉందనుకుంటే, ఖాళీ బండికి గాలి తోసుకుని వెళుతుంది. మామిడి గుజ్జు డ్రమ్ములు ఎక్కించాక ట్యాంకుకీ బెల్లోస్‌కీ మధ్య తేడా తగ్గిపోతుంది, బండి నిదానిస్తుంది. అది జబ్బు కాదు. అందుకే ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కొలిచి రెండూ వేరువేరుగా రాసుకోవాలి.

ఇంకో మాట, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. లిఫ్ట్ తొందరగా కావాలని కొందరు బ్రేకు ట్యాంకు నుంచి నేరుగా పైపు లాగుతారు, లేదా ప్రొటెక్షన్ వాల్వ్ తీసేస్తారు. ఆ వాల్వ్ ఉన్నదే బ్రేకుల గాలిని సస్పెన్షన్ తినేయకుండా ఆపడానికి. అది లేకుండా పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగుతున్నప్పుడు ఒక బెల్లోస్ పగిలితే బ్రేకు గాలి కూడా దాంతోపాటు పోతుంది. ఎవరు అడిగినా ఈ పని చేయకండి.

అన్నీ బాగుండి బండి మరీ దూకుడుగా లేస్తుంటే అప్పుడు స్క్రూ పని. అలా లేచే బండిలో టమాటా ట్రేలు ఒరుగుతాయి, పాల ట్యాంకరులో పాలు ఒక పక్కకు ఊగుతాయి. ఫ్లో కంట్రోల్ వాల్వ్ ఒక వైపు వెళ్లే గాలిని తగ్గించి, రెండో వైపు వదిలేస్తుంది. దాని మీది బాణం గుర్తును ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుతుంది, కాబట్టి బిగించేముందు నోటితో ఊది చూసుకోవడం మంచిది. లేచే వేగం తగ్గించాలంటే బెల్లోస్‌కు వెళ్లే గాలి తగ్గాలి. దిగే వేగానికి బయటికొచ్చే గాలి తగ్గాలి. బండి ఎత్తును దానంతటదే సర్దే లెవలింగ్ వాల్వ్ నుంచి బెల్లోస్‌కు వెళ్లే పైపులో దీన్ని పెట్టకండి, రోడ్డు మీద బండి ఎత్తు సర్దుకోవడం ఆలస్యమవుతుంది.

ఆ లైన్లో గాలి పూర్తిగా వదిలాకే ఏ ఫిట్టింగునైనా విప్పండి. ఛాసిస్ కిందికి వెళ్లాల్సి వస్తే స్టాండ్లు పెట్టాకే వెళ్లండి, గాలి మీద నిలబడ్డ బండి కిందికి తల పెట్టొద్దు.

స్క్రూను మెల్లగా చివరిదాకా మూసి, అర చుట్టు విప్పి, లిఫ్ట్ ఇచ్చి సమయం చూడండి. మళ్లీ అర చుట్టు. మొదటి చుట్లలో తేడా బాగా కనిపిస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. ప్రతిసారీ ట్యాంకు నిండుగానే ఉండాలి, లేకపోతే కొలతలు పోల్చలేం. కుడి ఎడమలకు వేరు పైపులుంటే ఒక్కో వైపు విడిగా చూసి, నెమ్మదిగా లేచే వైపుతో సమానమయ్యేలా రెండో వైపు వేగం తగ్గించాలి. రెండూ సమంగా వచ్చాక లాక్ నట్టు బిగించి, స్క్రూ తిరగకుండా ఉందో లేదో చూసి, ఇంకోసారి సమయం కొలవండి. బిగించేటప్పుడే సెట్టింగ్ మారిపోవడం చాలాసార్లు జరుగుతుంది.

వచ్చే పాఠానికి లెవలింగ్ వాల్వ్ కడ్డీ పొడవు కొలిచి ఉంచుకోండి. ఖాళీ బండిది, లోడు బండిది, రెండు కొలతలూ కావాలి.