గుడ్డ మీద ఆయిల్ పెయింట్ స్టిక్ రుద్దుడు: అచ్చు సరిగా రాకపోతే

కడప నాపరాయికి పాలిష్ పట్టని వైపు అరచేత్తో తడిమి చూడండి, పొరలు లేచిన గరుకు తగులుతుంది. దాని మీద పల్చటి నూలుగుడ్డ పరిచి ఆయిల్ పెయింట్ స్టిక్‌తో, అంటే మైనం కలిపి కడ్డీలా చేసిన నూనె రంగుతో, తేలిగ్గా రుద్దితే ఆ గరుకంతా గుడ్డ మీదికి వచ్చేస్తుంది. చేట అల్లిక, రావి ఆకు ఈనెలు, అద్దకం అచ్చు చెక్క, ఏవైనా పనికొస్తాయి. అచ్చు మెత్తగా, మంచు పట్టినట్టు రావాలి. రాకపోతే ఇవి చూసుకోండి.

రంగు ముద్దగా పడి అచ్చు కనబడటం లేదు

ఎక్కువ మందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. గట్టిగా అదిమితే ఎత్తుల మీద ఆగాల్సిన రంగు పల్లాల్లోకీ దిగిపోతుంది. స్టిక్‌ను కాస్త పక్కకు వాల్చి పట్టుకుని, మీ వైపు నుంచి అవతలికి ఒకే దిక్కున తేలిగ్గా లాగండి. చాలలేదనిపిస్తే మళ్లీ అంతే తేలిగ్గా ఇంకో పూత వేయండి. బలం పెంచొద్దు.

మన దగ్గర ఎండ కూడా ఒక కారణం. స్టిక్‌లో ఉండేది అవిసె నూనె లాంటి ఆరే నూనె, మైనం, రంగు పొడి. మే నెలలో 40 డిగ్రీలు దాటిన గదిలో అది మెత్తబడి, చెయ్యి ఎంత తేలిగ్గా పెట్టినా ముద్దలు వదులుతుంది. తెల్లవారుజామున పని పెట్టుకోండి. లేదంటే స్టిక్‌ను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి తీయండి.

రుద్దినా రంగు దిగటం లేదు

కొనకు ఎండు పొర కట్టింది. వాడకుండా ఉంచిన ప్రతిసారీ కడుతుంది, అది స్టిక్ గుణం. చాకుతో పల్చగా గీకి, పొట్టు గుడ్డ మీద పడకుండా దూరంగా పారేయండి.

గీతలు రెండేసి పడుతున్నాయి

గుడ్డ జరిగింది. ముందుకూ వెనక్కూ రుద్దితే తప్పకుండా జరుగుతుంది. అచ్చు తీసే రాయి లేదా చెక్క కింద జారని రబ్బరు చాప వేసి, గుడ్డ అంచుల్ని టేపుతో బల్లకు బిగించండి.

వారమైనా చేతికి అంటుతోంది

ముందు పెట్టె మీద పేరు చదవండి. పిల్లలు బొమ్మలు వేసుకునే ఆయిల్ పాస్టెల్ అయితే అది ఎప్పటికీ ఆరదు, దానిలో వాడేది ఆరని నూనె. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే చాలామంది మోసపోతారు. అసలు పెయింట్ స్టిక్కే అయితే పూత మందమైందన్నమాట. ఈ రంగు గాలి తగిలి గట్టిపడుతుంది, నీళ్లు ఆవిరైపోయి ఆరే రకం కాదు. గాలాడే చోట పరిచి ఉంచండి. పల్చటి పూతకు రెండు మూడు రోజులు, మందమైతే ఇంకా ఎక్కువ.

ఉతికితే రంగు పోయింది

గుడ్డకు గంజి ఉండి ఉంటుంది. కొత్త నూలుకు మిల్లులో పట్టించిన గంజైనా, ఇంట్లో పెట్టిందైనా, రంగును దారం దాకా పోనివ్వదు. పని మొదలుపెట్టే ముందే సబ్బుతో ఉతికి, గంజి పెట్టకుండా ఆరేయండి. రంగు పూర్తిగా ఆరాక పైనా కిందా తెల్ల కాగితం వేసి, గుడ్డను తిరగేసి, ఆవిరి లేకుండా ఇస్త్రీ చేయండి, చోటుకు 10 నుంచి 15 సెకన్లు. ఆరకముందే ఇస్త్రీ పెట్టె తగిలిస్తే రంగు కాగితానికి అంటుకుపోతుంది. ఆ తర్వాత చన్నీళ్లలో ఉతకొచ్చు. డ్రై క్లీనింగ్‌కు మాత్రం ఇవ్వొద్దు, అక్కడి ద్రావకాలు రంగును కరిగిస్తాయి.

రెండు జాగ్రత్తలు

ఒంటిమిట్ట కోదండరామాలయం శిల్పాలు చూస్తే ఎవరికైనా వాటి మీద గుడ్డ పరచాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయొద్దు. పల్చటి గుడ్డలోంచి నూనె దిగి రాతికి పట్టిందంటే మరక పోదు, అది రక్షిత కట్టడం కూడా. చెక్కడపు పని ఉన్న పాత తలుపు చెక్కో, అచ్చు చెక్కో తెచ్చుకోండి.

రంగు తుడిచిన పాత గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయొద్దు. ఆరే నూనె గాలితో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక నిప్పు అంటుకోవచ్చు. విడివిడిగా ఆరుబయట పరిచి, బిరుసెక్కాకే చెత్తలో వేయండి.