ఒకే గిన్నెలో ఎర్రగడ్డల పాస్తా: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేసుకోవాలి

కర్నూలులో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ, తెల్లగడ్డ అంటే వెల్లుల్లి. ఇంట్లోనూ సంతలోనూ మేము వాడే మాటలు ఇవే కాబట్టి ఇక్కడ కూడా వాటినే వాడుతున్నాను. ఉల్లి సాగుకు పేరుపడ్డ జిల్లా కావడంతో, వానాకాలపు పంట మార్కెట్ యార్డుకు వచ్చే రోజుల్లో ఇంటికి ఒక సంచి తెచ్చుకోవడం మాకు అలవాటు. ఆ పంట తేమ ఎక్కువగా ఉండి నిలవకు ఆగదు కనుక త్వరగా వాడేయాలి. మా ఇంట్లో ఈ పాస్తా ఆ అవసరం నుంచే మొదలై, ఇప్పుడు వాన కురిసే రాత్రుల్లో అందరూ అడిగి చేయించుకునే భోజనంగా మారింది. ఎర్రగడ్డలను సన్న సెగ మీద బెల్లం రంగు వచ్చేదాకా మగ్గబెట్టి, అదే గిన్నెలో ఎసరు పోసి పాస్తా వేసి, ఆ నీటిని వార్చకుండా పాస్తాకే పట్టించడం ఇందులోని పద్ధతి.

ఇటలీలో పాస్తాను సాధారణంగా పెద్ద గిన్నెడు ఉప్పునీళ్లలో ఉడికించి నీళ్లు వార్చేస్తారు. అది గంజి వార్చిన అన్నం వంటిది. ఒకే గిన్నెలో వండే పాస్తా మాత్రం అత్తెసరు వంట. అత్తెసరు పెట్టే చేతికి తెలిసిన సంగతే ఇక్కడా వర్తిస్తుంది: కొలత తప్పితే వార్చి దిద్దుకునే వీలు ఉండదు, కానీ కొలత కుదిరితే గంజి బయటికి పోకుండా వంటకే చిక్కదనం ఇస్తుంది. నేను చూసినంతవరకు ఈ వంటలో వచ్చే లోపాలలో ఎక్కువ భాగం ఎసరు దగ్గరో, ఎర్రగడ్డల దగ్గర పడే తొందరలోనో పుడుతున్నాయి.

నలుగురికి నేను వాడే కొలతలు ఇవి. పొట్టు తీసిన ఎర్రగడ్డలు 750 గ్రాములు, పెన్నె లేదా ఫ్యుసిల్లి వంటి పొట్టి పాస్తా 250 గ్రాములు, బుడ్డల నూనె (వేరుశనగ నూనె) 3 పెద్ద చెంచాలు, వెన్న 1 పెద్ద చెంచా, తెల్లగడ్డ 6 పాయలు, నీళ్లు 750 మిల్లీలీటర్లు, చివర కలపడానికి పాలు 100 మిల్లీలీటర్లు, తురిమిన చీజ్ గుప్పెడు, మిరియాల పొడి, ఉప్పు. ఇవి కాక పక్క పొయ్యి మీద మరో గ్లాసు నీళ్లు వేడిగా ఉండాలి. ఆ గ్లాసు ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

అరగంట దాటినా ఎర్రగడ్డ పాలిపోయినట్టే ఉంది, నీళ్లు ఊరుతూనే ఉన్నాయి

కొత్తగా వండేవారిని అన్నిటికంటే ఎక్కువ విసిగించే లోపం ఇదే కనుక కారణాన్ని కాస్త వివరంగా చెబుతాను. ఎర్రగడ్డలో దాదాపు తొంభై శాతం నీరే ఉంటుంది. అంటే 750 గ్రాముల ముక్కలలో సుమారు 650 మిల్లీలీటర్ల నీరు దాగి ఉంటుంది. గిన్నెలో నీరు ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగడ్డ చక్కగా రంగు తిరగడానికి అంతకంటే బాగా ఎక్కువ వేడి కావాలి, ఆ వేడి నీరు చాలా వరకు ఇగిరిపోయాకే అందుతుంది. కాబట్టి మొదటి ఇరవై నిమిషాలలో రంగు రాకపోవడం లోపం కాదు. అరగంట దాటినా రాకపోతే మాత్రం నీరు ఆవిరై పోవడానికి ఏదో అడ్డుపడుతున్నదని అర్థం.

ఆ అడ్డు చాలాసార్లు గిన్నె రూపంలోనే ఉంటుంది. లోతైన, ఇరుకైన గిన్నెలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి, కింది ముక్కల ఆవిరి పైముక్కలను తడుపుతూ ఉంటుంది. అడుగు మందంగా, కనీసం పది అంగుళాల వెడల్పు ఉన్న గిన్నె తీసుకోండి. అంత వెడల్పు గిన్నె లేకపోతే ముక్కలను రెండు విడతలుగా మగ్గబెట్టాలి. రెండవది మూత. మొదటి ఎనిమిది, పది నిమిషాలు మూత పెడితే ముక్కలన్నీ సమంగా మెత్తబడతాయి కాబట్టి అది మంచిదే, కానీ ఆ తర్వాత తీయడం మరిచిపోతే ఆవిరి నీరై మళ్లీ గిన్నెలోకే రాలుతుంది. మూడవది మంట. మూత తీశాక నీరు కనిపిస్తున్నంతసేపు మధ్యస్థపు మంట ఉండవచ్చు. గిన్నెలో తడి చప్పుడు తగ్గి, నూనె చిటపటమనే చప్పుడు మొదలైనప్పుడే సన్న సెగకు మార్చాలి. చాలామంది మొదటి నుంచీ సన్న సెగ పెట్టి, రంగు రాలేదని ఆఖరున పెద్ద మంట పెడతారు, నిజానికి చేయవలసింది దీనికి తారుమారుగా.

పంట కాలం కూడా లెక్కలోకి వస్తుంది. వానాకాలపు తడి ఎర్రగడ్డకు యాభై నిమిషాలు పట్టే చోట, ఎండలో ఆరి నిలవ ఉన్న వేసవి గడ్డకు నలభై నిమిషాలు చాలు. ఘాటైన గడ్డలో తీపి ఉండదని కొందరు అనుకుంటారు, అది పొరపాటు. కళ్లలో నీళ్లు తెప్పించే ఘాటు ఉడుకుతో పోతుంది, అప్పటిదాకా దాని చాటున ఉన్న తీపి పైకి తేలుతుంది. అందువల్ల ఘాటైన గట్టి గడ్డ దొరికితే ఈ వంటకు వెనుకాడవద్దు.

త్వరగా రంగు రావాలని కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. రంగు నిజంగానే త్వరగా వస్తుంది, కానీ ముక్కలు పోగు లేకుండా పచ్చడిలా నలిగిపోతాయి, సోడా రుచి కూడా తెలుస్తుంది. నేను వాడను, వాడమని చెప్పను. దానికి బదులు మొదట్లోనే అర చెంచా ఉప్పు చల్లితే నీరు త్వరగా బయటికి వస్తుంది. ఆ ఉప్పును తర్వాత ఎసరులో వేసే ఉప్పు లెక్కలో కలుపుకోవాలి.

అంచులు నల్లబడ్డాయి, మధ్య పచ్చిగా ఉంది, నాలుకకు చేదు తగులుతోంది

బిర్యానీ మీద చల్లడానికి ఎర్రగడ్డను ఎక్కువ నూనెలో కరకరలాడేలా వేయించే అలవాటున్న చేయి ఇక్కడ కూడా అలాగే చేస్తుంది. అది వేయించడం, ఇది మగ్గబెట్టడం. ముక్కలు ఒకటి సన్నగా, ఒకటి లావుగా ఉన్నా, పలుచని అల్యూమినియం గిన్నె వాడినా ఇదే ఫలితం కనిపిస్తుంది. గడ్డను నిలువుగా, అంటే మొదలు నుంచి కొన దాకా రెండు చెక్కలు చేసి, అదే దిశలో పెన్సిలులో సగం లావు ముక్కలుగా తరగండి. అడ్డంగా తరిగిన ముక్కల కంటే ఇవి ఎక్కువసేపు విడిపోకుండా నిలుస్తాయి.

అడుగున గోధుమ రంగు పొర అంటుకోవడాన్ని చూసి మాడిందని భయపడవద్దు. ఈ వంట రుచిలో సగం ఆ పొరలోనే ఉంది. రెండు చెంచాల నీళ్లు చల్లి, చెక్క గరిటెతో గీరితే అది కరిగి ముక్కలకు పడుతుంది. చివరి పావుగంటలో ఇలా మూడు నాలుగు సార్లు చేయవలసి వస్తుంది. పొర గోధుమ రంగు దాటి నల్లబడి, మాడు వాసన వేస్తే మాత్రం గీరకండి. పైన ఉన్న బాగున్న ముక్కలను మెల్లగా మరో గిన్నెలోకి తీసుకుని అక్కడ కొనసాగించండి. మొత్తం మాడితే పారవేయడమే దారి, ఎందుకంటే చక్కెర వేసినా పాలు పోసినా ఆ చేదు పోదు, పైగా 250 గ్రాముల పాస్తా కూడా దానితోపాటు పాడవుతుంది.

ఎర్రగడ్డ బాగా కుదిరింది, కానీ పాస్తాతో ఉడికాక కనిపించకుండా పోయింది

గిన్నె నిండా పోసిన ముక్కలు చివరికి ఒక టీ కప్పుకు మించవు. అవి మరో పన్నెండు నిమిషాలు ఎసరులో మరిగితే కరిగిపోవడం సహజం. ఎసరు పోసే ముందే మూడవ వంతు తీసి పక్కన ఉంచుకుని, దించాక పైన వేసుకోండి.

ఎసరు ఇంకిపోయింది, పాస్తా ఇంకా గట్టిగా ఉంది

కిందటి వానాకాలంలో ఇంటికి చుట్టాలు వచ్చిన రాత్రి నాకు సరిగ్గా ఇదే జరిగింది. వెడల్పు గిన్నె, పెద్ద మంట, తొందర అన్నీ ఒకచోట చేరాయి. ఏడవ నిమిషానికే అడుగు చర్రుమంది. ఒక పెన్నె తీసి బొటనవేలి గోటితో మధ్యకు తుంచి చూస్తే, పసుపుపచ్చ గోడ లోపల సన్నటి తెల్లని గీత స్పష్టంగా కనిపించింది. ఆ తెల్లదనం నీరు చేరని పిండి. కంగారులో కుండలోని చల్లనీళ్లు రెండు గ్లాసులు పోశాను. ఉడుకు ఒక్కసారిగా ఆగిపోయి, మళ్లీ మరిగేలోపు పాస్తా పైపొర జిగురై ఒకదానికొకటి అంటుకుంది, లోపలి గీత మాత్రం అలాగే ఉంది. ఆ రాత్రి అందరూ మారు మాట్లాడకుండా తిన్నారు గానీ, పక్క పొయ్యి మీద వేడినీళ్లు లేకుండా నేను ఈ వంట మొదలుపెట్టడం ఆ రోజుతో మానేశాను.

కొలత ఇలా గుర్తుంచుకోవచ్చు: 100 గ్రాముల పాస్తాకు 300 మిల్లీలీటర్ల నీళ్లు. ఇందులో సగానికి కాస్త అటూ ఇటూ పాస్తా పీల్చుకుంటుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగం ఆవిరవుతుంది, కొద్దిగా గుజ్జుగా నిలుస్తుంది. పాస్తా పీల్చుకునేది పెద్దగా మారదు. మారేది ఆవిరయ్యే భాగం, అది గిన్నె వెడల్పును బట్టీ మంటను బట్టీ ఉంటుంది. కాబట్టి ఎసరు తెర్లిన తర్వాత పాస్తా వేసి, మళ్లీ మరిగాక మంటను మధ్యస్థానికి తగ్గించి, మూతను ఓరగా పెట్టండి. ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందు ఒక ముక్కను తుంచి చూడండి. తెల్ల గీత లావుగా ఉండి ఎసరు తగ్గితే, మరుగుతున్న నీళ్లు అర గ్లాసు మించకుండా పోస్తూ వెళ్లండి. గీత దారంలా సన్నబడినప్పుడు, అంటే పాస్తా ఇంకా కొద్దిగా పలుకుగా ఉన్నప్పుడే దించాలి. దించాక ఆ వేడికే మిగిలిన పలుకు పోతుంది.

పాస్తా ఉడికింది, నీళ్లు మిగిలాయి

ఇది చిన్న లోపం. మంట పెంచి, మూత తీసి, రెండు నిమిషాలు ఆపకుండా కలపండి. కలిపేకొద్దీ పాస్తా నుంచి గంజి దిగి ఆ నీటినే చిక్కబరుస్తుంది. అప్పటికీ పలుచగా ఉంటే పాస్తాను జల్లిగరిటెతో తీసి, గుజ్జును మాత్రమే ఇగరబెట్టి, మళ్లీ కలుపుకోవచ్చు.

ముద్దకట్టింది, సంగటిలా గరిటెకు అంటుకుంటోంది

ముందు ప్యాకెట్ వెనక చదవండి. పాస్తాకు సరైన పిండి డ్యూరమ్ గోధుమ రవ్వ. మన కిరాణా కొట్లలో బన్సీ రవ్వ పేరుతో దొరికేది ఆ గోధుమ నుంచి వచ్చినదే. దాని మాంసకృత్తులు గట్టిగా పట్టి ఉంచడం వల్ల పాస్తా వార్చకుండా ఉడికినా విడివిడిగా నిలుస్తుంది. మైదా కలిసిన పాస్తా విపరీతంగా గంజి వదులుతుంది. వార్చే పద్ధతిలో ఆ గంజి నీళ్లతోపాటు పోతుంది కానీ, అత్తెసరులో అంతా గిన్నెలోనే ఉండిపోతుంది. అలాంటి పాస్తానే ఇంట్లో ఉంటే దానిని విడిగా వండి, వార్చి, ఎర్రగడ్డలలో కలపడమే మేలు.

పాస్తా మంచిదే అయినా ముద్దకడితే, వేసిన మొదటి రెండు నిమిషాలు కలపకపోవడం కారణం. పైపొర జిగురుగా ఉండేది ఆ సమయంలోనే. అప్పుడు బాగా కలిపి, తర్వాత రెండు నిమిషాలకొకసారి అడుగు గీరితే చాలు. నూనె వేస్తే అంటుకోదన్న మాట నమ్మవద్దు, నూనె పైన తేలుతుంది తప్ప అడుగున ఉన్న పాస్తాను చేరదు.

పాలు విరిగాయి, చీజ్ తీగలుగా సాగి గడ్డకట్టింది

టమోటా వేసిన రోజుల్లో పాలు విరగడం ఎక్కువగా కనిపిస్తుంది. పులుపు, మరుగుతున్న వేడి రెండూ కలిస్తే పాలు నిలవవు. టమోటా కావాలంటే ఒకటి మించకుండా, ఎర్రగడ్డలతోపాటే బాగా మగ్గేలా వేయండి. పాలు ఫ్రిజ్ నుంచి నేరుగా పోయకుండా గోరువెచ్చగా చేసి, పొయ్యి ఆపి ఒక నిమిషం ఆగాక కలపండి. అప్పటికి గుజ్జులో ఉన్న గంజి కూడా పాలు విరగకుండా కాపాడుతుంది. చీజ్ కూడా అంతే, మంట మీద వేస్తే నూనె విడిచి ఉండకడుతుంది. ఇప్పటికే విరిగితే రుచికి నష్టం లేదు, ఒక చెంచా వెన్న వేసి గట్టిగా కలిపి వడ్డించండి.

రుచి తియ్యతియ్యగా, చప్పగా ఉంది

కారం తినే మా వైపు వారి నుంచి తప్పక వినిపించే మాట ఇది, అందులో న్యాయం ఉంది. ముప్పాతిక కిలో ఎర్రగడ్డల తీపి అంతా గుప్పెడు ముద్దలోకి చేరింది కనుక దానికి ఎదురుగా కారమూ పులుపూ నిలబడాలి. ఎర్రగడ్డలు రంగు తిరిగే చివరి ఐదు నిమిషాలలో రెండు ఎండుమిరపకాయలు తుంచి, దంచిన తెల్లగడ్డతో కలిపి వేయండి. తెల్లగడ్డను అంతకంటే ముందు వేస్తే మాడుతుంది. నిమ్మరసాన్ని గిన్నెలో పిండకుండా ఎవరి కంచంలో వారు పిండుకుంటే పాలకు ప్రమాదం ఉండదు. ఉప్పు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నీళ్లు వార్చే పద్ధతిలో లీటరుకు 10 గ్రాముల ఉప్పు వేసినా చాలా భాగం బయటికి పోతుంది. ఇక్కడ వేసినదంతా పళ్లెంలోకే వస్తుంది, చీజ్‌లోనూ ఉప్పు ఉంటుంది. ఎసరును రుచి చూసినప్పుడు కాస్త చప్పగా అనిపించాలి, సరిపోయినట్టు అనిపిస్తే చివరికి ఎక్కువవుతుంది.

మర్నాటికి రాయిలా బిగుసుకుంది

చల్లారిన గంజి గట్టిపడటం వల్ల ఇలా అవుతుంది. నేరుగా పొయ్యి మీద పెడితే అడుగంటుతుంది. పావు గ్లాసు వేడిపాలో నీళ్లో పోసి, మూత పెట్టి ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉంచి, ముద్ద దానంతటది వదులైన తర్వాతే గరిటె పెట్టి కలపండి. వేసవిలో మిగిలిన పాస్తాను రాత్రంతా బయట ఉంచకండి, పాలు కలిసినది కనుక వేడి తగ్గగానే మూత పెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి, మరుసటి రోజుకల్లా తినేయండి.